సాక్స్‌లెట్ పేర వచ్చిన మిఠాయి పెట్టె

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, బెంగళూరు పక్కన జిగణిలో, మసాలా దినుసుల సారం తీసే ఒక ఫ్యాక్టరీ ల్యాబులో నేను ట్రైనీని. నర్సుగా చేసే మా అమ్మకు మాత్రం పర్మనెంటని చెప్పాను. ఆమె ఆ ఆదివారమే బొమ్మనహళ్ళి చర్చిలో కృతజ్ఞతల జాబితాలో చదివించేసింది. అలా దేవుడి దగ్గర కూడా పర్మనెంటయ్యాను.

ల్యాబులో అసలు పర్మనెంటు సాక్స్‌లెట్. ఎప్పుడో ఒక జర్మన్ రసాయన శాస్త్రవేత్త పాలలో కొవ్వు తేల్చడానికి చేసుకున్న గాజు సామాను. మనిషి ఎప్పుడో పోయాడు. ఆయన ఇంటిపేరు మాత్రం జిగణిలో మిరప్పొడి నుంచి నూనె లాగుతూ ఎనిమిదేసి గంటలు డ్యూటీ చేసేది. కింద ద్రావకం మరిగి, పైన చల్లబడి, పొడి మీద చుక్కలుగా పడుతుంది. గొట్టం నిండగానే గుటుక్కున కిందికి జారుతుంది. ఆ గుటకలు లెక్కపెట్టడమే నా చదువుకు దొరికిన పని.

ఆయుధపూజకు పర్మనెంటు వాళ్ళకు పేరు రాసిన మిఠాయి పెట్టె, ట్రైనీలకు గుప్పెడు బొరుగులు ఇచ్చేవాళ్ళు. అమ్మేమో పక్కింటివాళ్ళకు స్వీట్లు పంచుతానని ముందే మాటిచ్చేసింది. బొరుగులతో వెళ్తే ఇంట్లో నా ఉద్యోగం పోయినట్టే.

మా సీనియర్ టెక్నీషియన్‌ది ఒక పద్ధతి. ఒక్కో యంత్రం పేర ఒక్కో పెట్టె తెప్పించి, యంత్రానికి కుంకుమబొట్టు పెట్టి దాని ముందుంచేవాడు. పూజయ్యాక అది నడిపేవాడిదే పెట్టె.

"తీసుకోప్పా, సాక్స్‌లెట్‌ది నీకే."

"నేను ట్రైనీని కదన్నా."

"నువ్వు ట్రైనీ. అది కాదు కదప్పా. నేను చేరేనాటికే అది ఆడ ఉండాది. ఇంతవరకూ ఒక్కరోజు రజా అడగలే."

ఇంట్లో అమ్మ పెట్టె మీది పేరు చదివింది.

"ఎవర్రా ఈ సాక్స్‌లెట్టు?"

"మా సీనియర్."

"పర్మనెంటా?"

"ఆయనంత పర్మనెంటు మా దగ్గర ఇంకెవరూ లేరు."

"మరి నీ పెట్టె ఏదీ?"

అబద్ధాన్ని ఎనిమిది గంటలు మరిగించే ఓపిక నాకు లేదు. అది గాజు గొట్టమనీ, నేను ట్రైనీననీ చెప్పేశాను. అమ్మ ఏడుస్తుందేమోనని తువ్వాలు కూడా అందించాను. ఆమె దాంతో చేతులు తుడుచుకుని, ఒక మైసూరుపాకు నోట్లో వేసుకుని, పెట్టెతో పక్కింటికి బయల్దేరింది.

"వాళ్ళకేం చెప్తావమ్మా?"

"మావాడి సీనియర్ పంపాడని. అబద్ధమా?"

డిసెంబరులో నా చేతికి రెండు క్రిస్మస్ కేకు పొట్లాలిచ్చింది. ఒకటి టెక్నీషియన్‌కు. రెండోదాని మీద ఆమె చేతిరాతతో 'సాక్స్‌లెట్ గారికి' అని ఉంది.

అప్పటికీ నేను ట్రైనీనే. పద్ధతి ప్రకారం ఆ కేకు నేనే తిన్నాను.