చెయ్యెత్తి ఆపే మేడమ్

తొంభైల్లో మద్రాసులో నేను బట్టల డిజైనింగ్ చదివిన పాలిటెక్నిక్‌లో, చదువు విషయాల్లో సలహాలిచ్చే మేడమ్ ఒకరుండేవారు. పెద్దవాళ్ళు పిల్లల బదులు మాట్లాడితే చెయ్యెత్తి ఆపేవారు. కానీ పిల్లల తరఫున ఒక్క మాటా అనరని మాకు కోపం.

ఒకరోజు పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో పనిచేసే మా నాయన నేరుగా మేడమ్ గదికి వచ్చేశాడు.

"బొమ్మలేస్తే ఉద్యోగం ఏడ దొరుకుతాది మేడమ్? టీసీ ఇచ్చేయండి. టైపింగులో చేరుస్తా."

మేడమ్ చెయ్యెత్తారు. "పాపని చెప్పనీండి."

నాయనకి నేనెప్పుడూ ఎదురు చెప్పినదాన్ని కాదు. మేడమ్ నన్నే చూస్తున్నారు తప్ప నోరు విప్పలేదు.

"నేను ఈడే చదువుతా నాయనా," అన్నాను చివరికి.

నాయన విసురుగా లేచి వెళ్ళిపోయాడు. ఇంటికెళ్ళాలంటే భయమేసి ఏడ్చాను. మేడమ్ గదికి తాళం వేసి, "పద, నేనూ వస్తా," అన్నారు.

నాయన ఎంత కేకలేసినా, సరేననేదాకా ఆమె మా ఇంట్లోంచి కదల్లేదు.