కొండ దిగి చూపు తెచ్చుకున్న మా అమ్మ

చైత్ర పండగ ముందు ఊళ్ళో గోడలన్నిటికీ మా అమ్మే బొమ్మలు వేసేది. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండి నీళ్ళతో నెమళ్ళు, జీలుగు చెట్లు, చేతులు కలిపి ఆడే ఆడవాళ్ళు. ఆ ఏడు మా మేనత్త ఇంట్లో వేసిన నెమలి కాళ్ళు గోడ దాటి తలుపు చెక్క మీదికి పోయాయి. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. కానీ గోడ అంచు ఎక్కడుందో ఆమె వేళ్ళతో తడుముకోవడం నేను చూశాను.

ఇది పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. అరకుకీ హుకుంపేటకీ నడుమ కొండ మీద మా ఊరు. నాకప్పుడు పదహారేళ్ళుంటాయి. అమ్మ పేరు సోములమ్మ. బొమ్మలొక్కటే కాదు, వానలతో చలిజ్వరాలు మొదలయ్యాయంటే హుకుంపేట కాంపౌండరు దగ్గర క్వినైన్ తెచ్చి ఇల్లిల్లూ తిరిగేది. ఎవరూ చెయ్యమనలేదు. చేదని మొహం తిప్పుకున్నవాళ్ళకు ముక్కు మూసి మరీ మింగించేది.

ఏడాది తిరిగేసరికి ఆమెకు మనుషులు మబ్బులో నిలబడ్డట్టు కనిపించేవారు. హుకుంపేట సంతకు వచ్చిన డాక్టరు టార్చి వేసి చూశాడు.

"కేటరాక్ట్. కంట్లో శుక్లం బాగా ముదిరింది. పట్నంలో ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది."

"కంట్లో కత్తెడతారా బాబూ?"

"పెట్టాలమ్మా."

అమ్మ చటుక్కున లేచి వచ్చేసింది. నాన్న బతిమాలాడు, నేను ఏడ్చాను. ససేమిరా అంది. చివరికి పొరుగింటి బోడెమ్మవ్వ కర్ర ఊతగా వచ్చి, గుమ్మంలోనే నిలబడి దులిపేసింది.

"ఏటే సోమీ! నా ముక్కు మూసి సేదు మందు పోసినప్పుడు నీకు బానే ఉంది. ఇప్పుడు నీ వొంతొచ్చీసరికి బయమేసిందేటి?"

అమ్మ లేచి కొంగు దోపుకుంది. తర్వాత నాతో అంది: "బట్టలు సర్దవే గుంటా. బేగి ఎల్లిపోదాం, మల్లీ మనసు మారిపోద్ది."

నాన్న, మేనమామలు డోలీ కట్టి, అమ్మను మోస్తూ ఘాటీ దారిలో కొండ దింపారు. శృంగవరపుకోట నుంచి ఎడ్లబండి, విజయనగరంలో రైలు. నేను రైలు చూడటం అదే మొదలు! "ఏటున్నాది, ఎలాగున్నాది?" అని అమ్మ ఒకటే అడగడం, "పొగ కక్కే ఏనుగుల బారు" అని నేను చెప్పడం.

పట్నం పెద్దాసుపత్రిలో నొప్పి తెలియకుండా కంటికి కొకైన్ డ్రాప్స్ వేసి, ఆమె మెలకువగా ఉండగానే ఆపరేషన్ చేశారు. రెండు కళ్ళకూ కట్టు. "డోంట్ మూవ్! తల కదిపావో, అంతే సంగతులు" అన్నాడు కళ్ళ డాక్టరు.

"సేతులు కదపొచ్చా బాబూ?"

"చేతులు నీ ఇష్టం."

అంతే, దుప్పటి మీద వేలితో బొమ్మలు మొదలుపెట్టింది. నర్సు వచ్చి "ఇదేంటమ్మా?" అని అడిగితే, "నువ్వే. అలికిడిని బట్టి ఏత్తన్నాను" అంది.

తర్వాత దగ్గు పట్టుకుంది. కన్ను ఎర్రబడింది, అమ్మ నొప్పితో పళ్ళు బిగబట్టింది. "ఐరైటిస్. కంటి లోపల వాపు. చూపు ఉంటుందో లేదో ఇప్పుడే చెప్పలేను" అన్నాడు డాక్టరు. అది తగ్గేందుకు రోజూ ఎట్రోపిన్ డ్రాప్స్ వేశారు. "నాను వొచ్చీదాన్ని కాదు, ఆ ముసిలిది తోలీసింది" అని అమ్మ ఒకసారి గొణిగింది. ఎర్రదనం నెమ్మదిగా తగ్గింది.

కట్టు విప్పిన ఉదయం డాక్టరు ఆమె కంటి ముందు లావుపాటి కళ్ళజోడు అద్దం పెట్టి వేళ్ళు చూపించాడు. "ఎన్ని?"

"ఏళ్ళకేటి గానీ బాబూ, నీ కోటు మీద ఇంత సిరా మరకుంది. ఎవులూ సెప్పనేదా?"

డాక్టరు తలొంచి చూసుకుని పకపకా నవ్వాడు. నేను నర్సును వాటేసుకుని గెంతాను. అమ్మ నా వైపు తిరిగి, గడ్డం పట్టుకుని, "ఇంత పెద్దదానివైపోయావేటే!" అంది. అప్పుడు ఏడుపొచ్చింది ఇద్దరికీ.

తిరుగు ప్రయాణంలో కళ్ళజోడు పెట్టుకుని రైలును ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి చూసింది. "ఏనుగులేటే, ఇది జెర్రి!" అంది. తర్వాతి చైత్ర పండగకు ఊళ్ళో గోడలన్నిటి మీదా రైలే!

ఆ తర్వాత ఏటా కోతలయ్యాక, కళ్ళు మసకబారినవాళ్ళను వెంటబెట్టుకుని అమ్మే కొండ దిగేది. మొదటిసారి తీసుకెళ్ళింది బోడెమ్మవ్వనే. ముసలితనంలో కాళ్ళు పడిపోయేదాకా అమ్మ ఆ పని మానలేదు. నిద్రలోనే పోయింది.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. నిరుడు నా కుడికంటికీ ఆపరేషన్ అయింది. మనవరాలి చేత చదివించుకోకుండా పేపరు నేనే చదువుతున్నాను. మీకు చెప్పేది ఒక్కటే. ఇంట్లో పెద్దవాళ్ళ కన్ను మసకబారితే వయసు మీద నెట్టేయకండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. వాళ్ళు భయపడితే, ఆపరేషన్ అయిన మనిషిని ఒకరిని తోడు పంపండి. అలాంటివాళ్ళు దొరక్కపోతే మా కొండకు కబురు పెట్టండి. నేనొస్తాను.