ఎర్ర రిబ్బను కట్టిన క్యారేజీ

క్యారేజీల మామ్మగారు పోయారని ఆవిడ కూతురు ఫోను చేసేసరికి నేను వంటింట్లో బెండకాయలు వేపుతున్నాను. కబురు విని కూడా స్టవ్వు కట్టెయ్యలేదు. పిల్లల బాక్సులు కట్టడం మానేసి ఏడుస్తూ కూర్చున్నానని తెలిస్తే ఆవిడ పాడె మీంచి లేచొచ్చి మరీ తిట్టేవారు. వేపుడు దించి, రెండు బాక్సులూ కట్టి, స్కూలు వ్యాను వెళ్లాక గుమ్మంలో కూలబడి ఏడ్చాను.

అమలాపురంలో మా వీధివాళ్లకి ఆవిడ గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను. మా చిన్నప్పుడు బడికి పొద్దున్నే అన్నం పట్టుకెళ్లే అలవాటు లేదు. బడి మధ్యాహ్నం గంట కొట్టేలోపు మామ్మగారు ఇంటింటికీ వచ్చి, వేడివేడి క్యారేజీలు తీసుకుని, సైకిలుకి రెండు పక్కలా తగిలించుకుని బడికి తెచ్చేవారు. సైకిలు తొక్కడం ఆవిడకి రాదు. ఎప్పుడూ నెట్టుకుంటూనే నడిచేవారు. బడి వరండాలో చిన్నపిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, అన్నం కలిపి ముద్దలు పెట్టి, మూతులు తుడిచి, ఖాళీ క్యారేజీలు మళ్లీ ఎవరింటికి వాళ్లింటికి చేర్చేవారు.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు శాంతమూర్తి అనీ, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదనీ రాస్తారు. నేనలా రాస్తే అబద్ధం. మామ్మగారికి పగ ఎక్కువ. పిల్లల తిండి జోలికి వచ్చినవాళ్లని ఆవిడ వదిలిపెట్టే రకం కాదు. మా డ్రిల్లు మాస్టారికి ఓ పాడు అలవాటుండేది. "ఏం తెచ్చేవురా ఇవాళ?" అంటూ పిల్లల క్యారేజీల్లో చెయ్యిపెట్టి గారెలు తినేసేవారు. మామ్మగారు కొన్నాళ్లు ఊరుకున్నారు. ఓ రోజు పచ్చిమిరపకాయలు నిండా కూరిన గారె ఒకటి అన్నిటికంటే పైన ఉన్న క్యారేజీలో పెట్టారు. ఆయన కళ్లనీళ్లతో కుళాయి వైపు పరిగెడుతుంటే, "కారం తగిలిందేంటండీ మాస్టారూ? పిల్లలకి చేసిన గారె కదండీ, మీకు పడలేదేమో!" అని కేకేశారు. ఆ తర్వాత ఆయన వరండా ఛాయలకి వస్తే ఒట్టు.

ఇక నా సంగతి. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. నేను రెండో తరగతిలో ఉండగా అమ్మ ఓ ఇంట్లో వంటపనికి మస్కట్ వెళ్లింది. అక్కడివాళ్ల పిల్లలకి బడి బాక్సులు మా అమ్మ కట్టేది. ఇక్కడ నా క్యారేజీ పెద్దమ్మ కట్టేది. పెద్దమ్మంటే మా నాన్న అన్నగారి భార్య. ఆమె కొడుకు, మా అన్నయ్య, అదే బళ్లో ఐదో తరగతి.

మా ఇద్దరివీ ఒకేలాంటి స్టీలు క్యారేజీలు. రెండింటి మీదా పెదనాన్న పేరే చెక్కి ఉండేది. అందుకని గుర్తుకోసం అన్నయ్య క్యారేజీ పిడికి ఎర్ర రిబ్బను ముక్క కట్టేది పెద్దమ్మ. ఎర్ర రిబ్బను క్యారేజీలో ముద్దపప్పు, నెయ్యి, గుడ్డు వేపుడు, కింద గిన్నెలో గడ్డపెరుగు. రిబ్బను లేని క్యారేజీలో రాత్రి మిగిలిన అన్నం, దాని మీద నీళ్లమజ్జిగ, ఓ పక్కన ఆవకాయ నూనె. ముక్క కూడా కాదు, వట్టి నూనె. ఆ నెయ్యీ ఆ గుడ్లూ మా అమ్మ పంపిన డబ్బుతో కొన్నవే. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు పళ్లు బిగుసుకుంటున్నాయి.

అన్నయ్య పెద్దపిల్లల్తో చెట్టుకింద తినేవాడు. నేను చిన్నదాన్ని గనక మామ్మగారి చుట్టూ కూర్చునేదాన్ని. మొదటిరోజు నా క్యారేజీ తెరిచి ఆవిడ వాసన చూశారు.

"ఎవరు కట్టేరమ్మా ఇది?"

"పెద్దమ్మండి."

"మీ అన్నయ్యక్కూడా ఇదేనా?"

"కాదండి. అన్నయ్యకి గుడ్డండి."

"ఆయ్, అలాగా," అన్నారు. ఆ పూట తన కొంగున కట్టుకున్న అరటిపండు వొలిచి నాకు పెట్టారు.

మర్నాడూ నా చేతికి రిబ్బను లేని క్యారేజీయే వచ్చింది. మూత తియ్యగానే నెయ్యి వాసన. నేను బిత్తరపోయి చూస్తుంటే, "తినమ్మా, నీదే," అన్నారు మామ్మగారు. చెట్టుకింద అన్నయ్య తన రిబ్బను క్యారేజీలోకి తొంగిచూసి మొహం చిట్లించుకోవడం నాకు వరండాలోంచే కనబడింది. దారిలో మామ్మగారు నెయ్యి క్యారేజీ రిబ్బను విప్పి చద్దన్నం క్యారేజీకి కట్టేశారన్న సంగతి నాకు అప్పుడే అర్థమైంది. ఆ గుడ్డు నేనెంత మెల్లిగా తిన్నానో.

సాయంత్రం అన్నయ్య ఇల్లు పీకి పందిరేశాడు. "చద్దన్నం పెట్టేవేంటే అమ్మా? మా వాళ్లందరూ నవ్వేరు!" పెద్దమ్మ నా వైపు చూసింది. నేను పుస్తకంలోకి చూశాను. మర్నాడు పెద్దమ్మ రిబ్బను రెండు ముళ్లు వేసి బిగించింది. మామ్మగారు పంటితో విప్పారు. ఆ సాయంత్రమూ అన్నయ్య గోలే.

ఆ మర్నాడు పెద్దమ్మ గేటు దగ్గర కాపు కాసింది. మా గేటుకెదురుగానే వీధికుళాయి. బిందెలతో ఆడవాళ్లందరూ ఉన్నారు.

"మామ్మగారూ, మా క్యారేజీలు తారుమారవుతున్నాయండీ. కాస్త చూసి ఇవ్వండి," అంది పెద్దమ్మ, గొంతు తగ్గించి.

మామ్మగారు గొంతు పెంచారు. "ఆయ్, అయ్యుంటాయండీ అమ్మాయిగారూ! రెండూ ఒకలాగే ఉన్నాయి కదండీ. అయినా ఒకే పొయ్యి మీద వండినవి, ఎవరిది ఎవరికెళితే ఏవుందండీ? ఒకదాంట్లో ఒకటీ ఇంకోదాంట్లో ఇంకోటీ పెడుతున్నారేంటండీ?"

కుళాయి దగ్గర బిందె నిండి పొర్లిపోతోంది, ఎవరూ కట్టెయ్యడం లేదు. పెద్దమ్మ బిందెల వైపు ఓసారి చూసింది. అవునంటే పరువు పోతుంది. కాదంటే ఇంక రెండూ ఒకలాగే కట్టాలి. "అబ్బే, రెండూ ఒకటేనండీ," అని లోపలికి వచ్చేసింది.

ఆ రోజు నుంచి రెండు క్యారేజీల్లోనూ గుడ్డే. పెద్దమ్మకి మనసు మారిందని మీరనుకుంటే పొరపాటు. వీధి చూస్తోందని కట్టింది. నాకంతే చాలు. నేను ఆ బడి వదిలేదాకా మామ్మగారు దారిలో రెండు క్యారేజీల మూతలూ తీసి చూస్తూనే ఉన్నారు, పెద్దమ్మకి ఆ సంగతి తెలిసేటట్టు.

పిల్లలకి క్యారేజీ కట్టడం నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. వేపుడు అన్నం కింద పెడితే మెత్తబడిపోతుంది, విడిగా పెట్టాలి. పెరుగన్నంలో పెరుగు తక్కువేసి, గోరువెచ్చటి పాలు పోసి కలిపితే తినేవేళకి తోడుకుని కమ్మగా ఉంటుంది, పులవదు. మునగాకు తిననని పేచీపెట్టే పిల్లకి పప్పులో మెదిపేసి పైన నెయ్యి వెయ్యాలి. బాక్సు ఖాళీగా వచ్చిందని మురిసిపోకూడదు, ఎవరు తిన్నారో అడగాలి. "పిల్ల ఆకలి అబద్ధమాడదమ్మా, పిల్ల ఆడుద్ది," అనేవారు.

వ్యాన్లూ హాట్ బాక్సులూ వచ్చాక ఆవిడ పని పోయింది. రాజోలులో కూతురి దగ్గరకి వెళ్లిపోయారు. నేను అప్పుడప్పుడు కొబ్బరన్నం కట్టుకుని బస్సెక్కి వెళ్లి చూసొచ్చేదాన్ని. ఆఖరిసారి వెళ్లినప్పుడు గుమ్మంలోంచే చెప్పాను.

"మామ్మగారూ, నా రోజొచ్చిందండీ!"

అన్నయ్య భార్య కువైట్ వెళ్లింది. అన్నయ్య కొబ్బరికాయల లారీ మీద తిరుగుతుంటాడు. వాళ్ల కూతురు నాయనమ్మ దగ్గర, అంటే మా పెద్దమ్మ దగ్గర ఉంది. పెద్దమ్మకి చేతులు వణుకుతాయి, వంట చెయ్యలేదు. మాది పక్క వాటాయే. "నీ కూతురికి ఎలాగూ కడతావు కదమ్మా, దీనిక్కూడా కాస్త..." అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. రాత్రన్నం, నీళ్లమజ్జిగ, ఆవకాయ నూనె. అన్నీ మనసులో సిద్ధంగా పెట్టుకున్నాను. అదంతా మామ్మగారికి చెప్పేశాను, మెచ్చుకుంటారనుకుని.

ఆవిడ మంచం మీంచి లేవబోయారు. చెయ్యెత్తారు, కొట్టడానికే.

"తినేది ఆవిడా? పిల్లా?"

నేను కొబ్బరన్నం గిన్నె కింద పెట్టాను.

"పిల్ల కంచంలో తీర్చుకుంటావా పగ? అయితే నీకూ మీ పెద్దమ్మకీ తేడా ఏవుందమ్మా?" ఆయాసంతో దిండుకి ఆనుకున్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని దగ్గరకి లాక్కున్నారు. ఆ కళ్లలో వెనకటి మెరుపు. "వదిలెయ్యమని నేను చెప్పను. రెండూ ఒకలాగే కట్టు. కట్టేక మూతలు పెట్టకు. ఆవిడొచ్చి చూసేదాకా పెట్టకు."

అదే ఆవిడ నాకు చెప్పిన ఆఖరి మాట. అప్పటి నుంచి అలాగే చేస్తున్నాను. పెద్దమ్మని క్షమించానా అని ఎవరూ అడగద్దు. లేదు.

మామ్మగారి దినం వెళ్లిన మర్నాడు పొద్దున్నే లేచి ముద్దపప్పు, నెయ్యి, గుడ్డు వేపుడు చేశాను. కావాలనే. పాలు పోసి పెరుగన్నం కలిపాను. రెండు బాక్సులూ పక్కపక్కన గట్టు మీద పెట్టాను. పిల్లల జడలకి తెచ్చిన ఎర్ర రిబ్బను కత్తిరించి రెండు పిడులకీ ఒక్కో ముక్క కట్టాను.

పెద్దమ్మ చేతికర్ర ఆనించుకుంటూ వచ్చింది. ఒక బాక్సు చూసింది. రెండోది చూసింది. పిడుల మీద రిబ్బన్లు చూసింది.

"మూతలు పెట్టెయ్యమ్మా, వ్యానొచ్చేస్తుంది," అంది.

"తొందరేం లేదండి పెద్దమ్మా. సరిగ్గా చూడండి. దేంట్లో ఏం తక్కువైందో చెప్పండి."

పెద్దమ్మ గట్టు దగ్గరకి జరిగింది. వణికే వేళ్లతో మనవరాలి బాక్సుకున్న రిబ్బను ముడి పట్టుకుంది. విప్పడానికో, ఊరికే ముట్టుకోడానికో నాకు తెలీదు. బయట వ్యాను హారను కొట్టింది. మళ్లీ కొట్టింది. పెద్దమ్మ వేళ్లు ఆ ముడి మీదే ఉన్నాయి. నేను రెండు మూతలూ చేతిలో పట్టుకుని నిలబడ్డాను.