తెల్లబడని తెల్లచొక్కా

మా చిన్నప్పుడు... పొద్దున్నే బోరింగు కొట్టి బకెట్ నింపితే నీళ్ళు తేటగానే కనిపించేవి. కాసేపు అలా వదిలేస్తే పసుపు రంగు తేలేది. ఆ నీళ్ళలోనే మా బడి చొక్కాలు ఉతికేవాళ్ళు. జూన్‌లో బడివాళ్ళు మల్లెపువ్వులా ఇచ్చిన చొక్కా... నాలుగు ఉతుకులకే పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టయ్యేది.

మాది పటాన్‌చెరు అవతల, ఫ్యాక్టరీల వెనుక చిన్న వాడ. రోడ్డు పక్క కాలనీకి నల్లా నీళ్ళు వచ్చేవి. మాకు తాగడానికి మాత్రం ట్యాంకరు వచ్చేది, రెండు రోజులకొకసారి... ఇంటికి రెండు బిందెలు.

నేను ఏడో తరగతిలో ఉండగా పంద్రాగస్టుకు ప్రతిజ్ఞ చదవడానికి డ్రిల్లు సారు నన్ను ఎంచారు. నాకు మాట తక్కువ. అయినా గొంతు గట్టిది. మైకు ముందు నిలబడతానని వారం రోజులు నిద్ర పట్టలేదు.

సారు ఒక మాట చెప్పారు. "ముంగటి వరుస మొత్తం తెల్లగ మెరవాలె. ఆఫీసర్లొస్తున్నరు."

అమ్మ ఆ సాయంత్రమే నీలిమందు తెచ్చింది. నాలుగు చుక్కలు చాలన్నారు పక్కింటివాళ్ళు. అమ్మ వింటేనా... "ఎక్కువ కలిపితే ఎక్కువ తెల్లగైతది" అని సగం సీసా వంచేసింది.

పసుపు మీద నీలం పడితే ఏమవుతుంది? తెల్లారి తీగ మీద నా చొక్కా లేత ఆకుపచ్చగా ఊగుతోంది...

బడిలో కాలనీ అమ్మాయి కవిత నన్ను చూసి పడీ పడీ నవ్వింది. "ఏందే, రామచిలకవైనవా? జామపండు తెమ్మంటవా?"

సారు నవ్వలేదు. అదే ఇంకా కష్టమనిపించింది. "నువ్వు వెనక వరుసల నిలబడు బిడ్డా. ప్రతిజ్ఞ కవిత చదువుతది. తెల్లగ ఉతుక్కొస్తే అప్పుడు సూద్దాం."

ఏడుపు వచ్చింది. కానీ దాని కంటే ముందు కోపం వచ్చింది. మా అమ్మ ఉతకలేదనుకుంటున్నారా? రాయి మీద బాది బాది ఆమె వేళ్ళు చిట్లిపోయాయి కదా...

"సారూ, జెర మీ దస్తీ ఇయ్యుర్రి" అన్నాను.

"ఎందుకే?"

"ఉతికి తెచ్చిస్త."

ఏమనుకున్నారో ఏమో, జేబులోంచి తెల్లటి చేతిరుమాలు తీసి ఇచ్చారు. నాలుగు రోజులు దాన్ని మా బోరు నీళ్ళలోనే ఉతికాను. రోజుకు రెండుసార్లు సబ్బు పెట్టి... ఐదో రోజు మడత పెట్టి సారు చేతికి ఇచ్చాను. నీలిమందుకు ముందు నా చొక్కాకున్న పసుపే దానికీ పట్టింది.

సారు దాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు.

"నీ తప్పని నేననలే బిడ్డా. పెద్దసారు వినరు, రూలు రూలే అంటరు. ఒక్కసారి తాగే నీళ్ళల్ల పిండుమని మీ అమ్మకు చెప్పు. రంగు వోతది, నువ్వే చదువుదువు."

తెల్లారితే పంద్రాగస్టు. ఇంటికెళ్ళి చెప్పాను. అమ్మ వెంటనే ట్యాంకరు నీళ్ళ బిందె ఎత్తింది. అదొక్కటే మిగిలింది. ట్యాంకరు మళ్ళీ రావాలంటే పంద్రాగస్టు దాటాలి. నేను బిందె మీద చెయ్యి పెట్టాను.

"వద్దమ్మా. తాగే నీళ్ళు చొక్కాకు పొయ్యొద్దు. నేను గిట్లనే పోత."

"ముంగట నిలవడనియ్యరు బిడ్డా..."

"వెనక నిలవడ్త. గొంతుకు గూడ రంగుంటదా?"

పంద్రాగస్టు నాడు వెనుక వరుసలోకి వెళ్ళి చూస్తే... అక్కడంతా మా వాడ పిల్లలే. ఒక్కొక్కరిది ఒక్కో పసుపు. ముందేమో తెల్లటి వరుస. అందరూ ఒకటే అనిపించడానికి ఇచ్చిన చొక్కాలే మమ్మల్ని విడదీసి నిలబెట్టాయి.

మైకులో కవిత మొదలుపెట్టింది. వెనుక నుంచి నేను కూడా చదివాను... మైకు కంటే గట్టిగా. నా పక్కవాళ్ళు అందుకున్నారు. ఆఫీసర్లు తలెత్తి వెనుక వరుస వైపు చూశారు. పెద్దసారు ముఖం ఎర్రబడింది. అయినా మేము ఆపలేదు. చివరి మాట దాకా చదివాం.

ఆ తర్వాత నాకేమీ బహుమతి రాలేదు. ఆ రోజు డ్రిల్లు సారు బూందీ పంచడం మాత్రం వెనుక వరుస నుంచి మొదలుపెట్టారు. మరుసటి ఏడు నా చదువే ఆగిపోయింది... అది వేరే సంగతి.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న శనివారం ముత్తంగిలో మా బిడ్డ బడి గేటు దగ్గర ఒక చిన్నపాపను ఆపేశారు. ముసురుకు శనివారం వేసుకోవాల్సిన తెల్లబట్టలు ఆరక రంగు గౌను వేసుకొచ్చిందట. "మనకెందుకు, డ్యూటీకి లేటైతుంది పా" అన్నాడు మా ఆయన. నేను కదల్లేదు. "పాపను లోపలికి తోలుర్రి, అప్పుడే పోత" అన్నాను. పావుగంటకు లోపలికి పంపారు.

యూనిఫాం ఉండాలా వద్దా అని అందరూ వాదించుకుంటున్నారు. నాకైతే చిన్నప్పటి మా బడి నీలం లంగా, దాని కుచ్చులు ఎంతో ఇష్టం. అది వేసుకుంటే మీ నాన్న ఏం చేస్తాడని ఎవరూ అడిగేవారు కాదు. ఉండనివ్వండి యూనిఫాం. కానీ బట్ట చూసి పిల్లను బయట నిలబెడితే మాత్రం ఒప్పుకోను. ఎంత పెద్ద బడి అయినా సరే, ఎవరు చెప్పినా సరే.

ఇప్పుడు మా వాడకూ నల్లాలు వచ్చాయి. పిల్లల చొక్కాలు తెల్లగానే ఉంటున్నాయి... గేటు దగ్గర ఆపేవాళ్ళే మారలేదు.

మిమ్మల్ని కూడా ఎప్పుడైనా బట్టలు చూసి వరుసలోంచి తీసేశారా? ఆ రోజు మీరేమన్నారో కింద రాయండి. ఏమీ అనలేకపోయారా... అయితే ఇప్పుడు అనండి. మేము వింటాం.