తోరం ఎవరి చేతికి?

సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులు. మండపేటలో మాకు పెళ్ళయి ఏళ్ళు గడిచినా పిల్లల్లేరు. మా అమ్మ నా భార్య సుజాత చేత ఎన్ని మొక్కులు మొక్కించిందంటే, ముక్కోటి దేవతలూ మా ఆవిణ్ణి పేరుపెట్టి పిలిచేవారు. నన్ను డాక్టరుకు చూపించాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

చివరికి రాజమండ్రి డాక్టరుగారు లోపం నాదేనని తేల్చారు. బీజాల దగ్గర నరాలు ఉబ్బాయట. కోత లేకుండా, తొడ దగ్గర నరంలోంచి సన్నని గొట్టం పంపి, కాలువకు లాకు తలుపు దించినట్టు ఆ ఉబ్బిన నరాలను మూసేస్తామన్నారు. ఆ గొట్టం నా కంటికి ధవళేశ్వరం తూమంత కనిపించింది.

ఆ రోజు ఆసుపత్రిలో నన్ను లోపలికి తీసుకెళ్ళబోతుంటే అమ్మ కోరుకొండ గుడి నుంచి తెచ్చిన తోరం తీసింది.

"ఇలా చెయ్యి పెట్టమ్మాయ్!" అంటూ అలవాటుగా సుజాత మణికట్టుకు ముడివేసేసింది.

"అత్తయ్యగారూ, జబ్బు మీ అబ్బాయిదండీ" అని నవ్వింది సుజాత.

ఆ నవ్వు మధ్యలోనే బావురుమంది. ఎవరేమన్నా కంటతడి పెట్టని మనిషి. అమ్మ ముడి విప్పబోయింది కానీ అది బిగుసుకుపోయి రాలేదు.

సాయంత్రానికే నడుచుకుంటూ బయటికొచ్చాను. ఎంత ఎదురుచూసినా పిల్లలు మాత్రం పుట్టలేదు. సుజాతకు అప్పటికే వయసు దాటిపోయిందన్నారు.

జబ్బు ఒకరిది, ఉపవాసాలు ఇంకొకరివి అయితే ఏ దేవుడు మాత్రం ఏం చేస్తాడండీ!