ఉప్పు ఎక్కడిది?

ఉప్పు తగిలిన వరి తనలోని ప్రోటీన్లను ఎలా మార్చుకుని బతుకుతుందో ఉదయశ్రీ పరిశోధిస్తుంది. చేలోకి దిగేముందు చెప్పులు గట్టు మీద పక్కపక్కనే విడుస్తుంది. ఆకు నలగకుండా కత్తిరించి ఐసు పెట్టెలో పెడుతుంది. ఎవరైనా అడిగితే ప్రోటీన్లు ల్యాబులో చారలుగా ఎలా కనిపిస్తాయో గాలిలో వేళ్ళతో గీసి మరీ చెబుతుంది.

మొన్న మలికిపురం దగ్గర రైతు సూరమ్మ చేలో మాత్రం ఆ వేళ్ళు లేవలేదు. గట్టు అవతలిది ఉదయశ్రీ నాన్నగారు తవ్వించిన రొయ్యల చెరువు. అందులోని ఉప్పునీరు గట్టు కిందుగా ఊరి, ఇవతల వరి కొసలు మాడిపోయాయి.

“నా చేను తట్టుకుంటదాండి, అమ్మాయిగారూ?” అని సూరమ్మ అడిగింది.

“పోయినసారి కోసిన ఆకుల్లో ఉప్పుని తట్టుకునే ప్రోటీన్లు పెరిగేయండి. మొక్క పోరాడుతోంది,” అని ఉదయశ్రీ తలొంచుకుని ఫారం తీసింది. ‘ఉప్పు ఎక్కడి నుంచి వచ్చింది’ అన్న గడి దగ్గర చాలాసేపు ఆగి, “సముద్రం” అని పైకి చదువుతూ రాసింది.

సముద్రం అక్కడికి మైళ్ళ దూరం. సూరమ్మ చెరువు వైపు చూడనైనా చూడలేదు.

“ఆయ్, సముద్రమేనండి. బోదె కాలవలో నీళ్ళూ ఉప్పెక్కిపోయేయి, వాటితో కడుక్కోకండి,” అంటూ, తాను తాగడానికి తెచ్చుకున్న మంచినీళ్ళు ఆమె కాళ్ళ మీద పోసింది.