వఫ్రా దారిలో మా వెనక మోగిన బెల్లు

మొన్న శుక్రవారం పొద్దున్నే పాల కోసం కిందికి బయలుదేరితే, లిఫ్టు మా కింది అంతస్తులో ఆగి, అక్కడ కాపురముంటున్న హైదరాబాదు దంపతులు ఎక్కారు. ఇద్దరూ ఐటీ ఉద్యోగులే. తలకు హెల్మెట్లు, ఒంటికి అతుక్కుపోయిన రంగురంగుల బట్టలు, చేతులకు గ్లౌజులు, చూడముచ్చటగా ఉన్నారు. “వఫ్రా పొలాల వైపు వెళ్తున్నాం అంకుల్. మంచు చూశారా, భలే ఉంది కదా!” అంది ఆ అమ్మాయి. బయటికొచ్చి చూస్తే నిజంగానే మేముండే మహబూలా మహబూలాలా లేదు. వీధి చివర ఉండాల్సిన సముద్రం లేదు, ఎదురు బిల్డింగు సగం నుంచి పైకి లేదు, బకాలా కొట్టు బోర్డు మీది పచ్చలైటు ఒక్కటే గాల్లో వేలాడుతోంది. వాళ్ళిద్దరూ సైకిళ్ళెక్కి ఆ తెల్లదనంలోకి మాయమయ్యాక కూడా నేను ఏదో వినబడుతుందేమోనని చెవులు రిక్కించుకుని అక్కడే నిలబడిపోయాను. పాల సంగతి మరిచిపోయి ఉత్త చేతులతో పైకొస్తే, మా ఆవిడ నా చేతుల వంకా కిటికీ వంకా ఒకసారి చూసి, పాలు లేని సులేమానీ టీ పెట్టి ఇచ్చింది.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మేమీ అరబ్బు దేశం వచ్చిన కొత్తల్లో ఇక్కడ సైకిలంటే సరదా వస్తువు కాదు. బకాలా నుంచి రొట్టెలూ నీళ్ళ సీసాలూ ఇళ్ళకు చేరవేసేవాళ్ళూ, ఇస్త్రీబట్టలు మోసుకెళ్ళేవాళ్ళూ తొక్కేవారు. టై కట్టుకుని ఆఫీసుకు పోయేవాడు శుక్రవారం పూట సైకిలెక్కి కనిపిస్తే, పాపం వీడి ఉద్యోగం పోయిందేమో, కారు అమ్ముకున్నాడేమో అని జాలిపడేవారు. అలాంటి రోజుల్లో మా తోడల్లుడికీ నాకూ ఈ పిచ్చి అంటించింది మా ఆఫీసులో పనిచేసిన ఒక ఐర్లండు ఇంజనీరు. అక్టోబరు వస్తే చాలు, ఆయనకు సొంత ఊరి మీద గాలి మళ్ళేది. సన్నటి వాన, ఎదురుగాలి, తడిసిన ఆకులు పరుచుకున్న పల్లెదారులు, ఆ దారుల్లో ఎక్కడికీ పోవాల్సిన పని లేకుండా సైకిలు తొక్కుకుంటూ పోవడం. ఇవి లేని శరత్తు కూడా ఒక శరత్తేనా అనేవాడు. ఆయన ఉద్యోగానికి ఖలాస్ చెప్పుకుని దేశం వెళ్ళిపోతూ, తనవి రెండు సైకిళ్ళూ మా ఇద్దరికీ ఇచ్చేశాడు. వాటి హ్యాండిళ్ళకు గుండ్రటి ఇత్తడి బెల్లులుండేవి. ఒకసారి నొక్కితే ఆ మోత వెంటనే ఆగేది కాదు, కాసేపు అలా సాగి సాగి సన్నగిల్లేది. అలాంటి బెల్లు మళ్ళీ ఇక్కడి ఏ సూక్ బజారులోనూ నేను చూడలేదు.

మా తోడల్లుడంటే మా ఆవిడ చెల్లెలి భర్త. మేమిద్దరం కృష్ణా జిల్లా వాళ్ళం, మా అత్తవారిది కడప దగ్గర. అతను నాకంటే బాగా చిన్నవాడు, నన్ను అన్నయ్యా అనేవాడు. మనిషి బొద్దుగా, నెమ్మదిగా ఉండేవాడు. దారిలో ఒంటె కనిపించినా ఆగేవాడు, టమాటా తోట కనిపించినా ఆగేవాడు. మాకు మూడో తోడు మా చిన్న మామగారు, అంటే మా ఆవిడకు చిన్నాన్న. సబా అల్ సలేంలో ఒక అరబ్బుల ఇంట్లో డ్రైవరుగా ఉండేవారు. ఆయన్ని పనికి తెచ్చుకున్న కఫీల్ మంచివాడు, శుక్రవారం పొద్దున పికప్ తీసుకుపోనిచ్చేవాడు. అందులో సైకిళ్ళు వేసుకుని వఫ్రా పొలాల మొదట్లో దిగి, అక్కడి నుంచి తొక్కుకుంటూ పోయేవాళ్ళం. ఆయన సైకిలు సూక్‌లో కొన్నది, దాని బెల్లు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు గలగలమనేది.

ముందు చిన్న మామగారు, మధ్యలో నేను, చివర మా తోడల్లుడు, ఇదీ వరస. మొదటిరోజే ఆయన ఒక కట్టుబాటు పెట్టారు. “చూడండి నాయనా, ముందర పోయేవాణ్ణి ఎనకనుంచి పిల్చగూడదు. మన ఇండ్లల్లో ఎప్పుడన్నా పిల్చినారా? గంట కొట్టండి, సాలు” అన్నారు. మనలో ఎవరికి తెలియదు ఈ సంగతి? గడప దాటినవాణ్ణి వెనక్కి పిలిస్తే ఆ ప్రయాణం ఏమవుతుందోనని మా అమ్మ, మా నాన్న తాళాలు మరిచిపోయి వెళ్తున్నా పిలిచేది కాదు, ఎవరో ఒకరిని పరిగెత్తించి ముందుకు పంపేది. అందుకని మాకది వింతగా తోచలేదు. ముందున్నవాడు ‘ఉన్నావా?’ అని కేకేయవచ్చు, వెనకున్నవాడు మాత్రం బెల్లుతోనే జవాబివ్వాలి. ఒక్కసారి మోగిస్తే ఉన్నానని, ఆపకుండా మోగిస్తే ఆగమని.

ఆ శరత్తుల గురించి ఎంత చెప్పినా తక్కువే. నెలల తరబడి ఒళ్ళు కాల్చిన ఎండ ఒకరోజు ఉన్నట్టుండి విరిగిపోయేది. మొదటి వానకు ఇసుక మీద పచ్చటి నూగు మొలిచేది. పొలాల గట్ల వెంట గాలికి అడ్డంగా పెంచిన చెట్లు, వాటి వెనక ప్లాస్టిక్ కప్పిన కూరగాయల పందిళ్ళు, తడిసిన పెంట వాసన. ఆ వాసన పీల్చుకుంటూ మా తోడల్లుడు, అన్నయ్యా, కళ్ళు మూసుకుంటే మన ఊరే అనేవాడు. కళ్ళు మూసుకుని సైకిలు తొక్కకురా బాబూ అని నేను కసిరేవాణ్ణి.

నేను చెప్పబోయే ఆ ఉదయం కూడా బయలుదేరేటప్పుడు మంచు పల్చగానే ఉంది. పొలాల్లోకి వచ్చేసరికి మాత్రం చిక్కబడి, నాకు నా ముందు చక్రం కనిపించడమే కష్టమైంది. చిన్న మామగారి వీపు మీది తెల్లచొక్కా ముందే మంచులో కలిసిపోయింది. మొబైల్ ఫోన్లు ఉండేవి గానీ ఆ పొలాల దగ్గర సిగ్నలు అందేది కాదు, అందుకే పికప్‌లోనే పడేసి వచ్చేవాళ్ళం. ఆ దారిన పొలాలకు నీళ్ళు తోలే ట్యాంకర్లు తిరుగుతాయి. అవి దగ్గరికొచ్చేదాకా చప్పుడు వినపడదు, వచ్చాక తప్పుకునే వ్యవధి ఉండదు. ఆ రోజు నా భయమంతా వాటి గురించే. అందుకే మాటిమాటికీ ‘ఉన్నావా?’ అని కేకేశాను. కేకేసినప్పుడల్లా వెనక నుంచి బెల్లు ఒక్కసారి మోగి, అలా సాగి సన్నగిల్లేది. అది విని నిశ్చింతగా తొక్కాను. ఒకచోట బెల్లు మరీ దగ్గరగా, నా భుజం పక్కనే అన్నట్టు మోగింది. ఇంత దగ్గరికి రాకు, గుద్దేస్తావు అని నవ్వాను కూడా.

పొలాల మలుపు దగ్గర చిన్న మామగారు ఆగి ఉన్నారు. నేనూ దిగాను. వెనక బెల్లు మోగింది. వస్తున్నాడు అన్నాను. ఇద్దరం ఆ తెల్లదనం వైపు చూస్తూ నిలబడ్డాం. మళ్ళీ మోగింది, ఈసారి నాలుగడుగుల్లో. కానీ చక్రాల చప్పుడు లేదు, గొలుసు చప్పుడు లేదు, మనిషి రొప్పు లేదు. మంచులోంచి ఎవరూ రాలేదు. నేను చెయ్యి చాచి చూశాను, చేతికి చెమ్మ తప్ప ఏమీ తగల్లేదు. చిన్న మామగారి ముఖం పాలిపోవడం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. అంతలో మేం వచ్చిన వైపుకే పోతూ ఒక ట్యాంకరు మా పక్కనుంచే దూసుకుపోయింది. అది పోయిన దారిలోనే ఎక్కడో మావాడు ఉన్నాడు.

సైకిళ్ళు నడిపించుకుంటూ, ఇద్దరం గొంతు చించుకుని పిలుస్తూ వెనక్కి నడిచాం. దారి పక్క ఒక గొర్రెల దొడ్డి, దాని ముందు దుప్పటి కప్పుకున్న కాపరి కనిపించాడు. మా తెలుగు విని లేచి వచ్చాడు, రాయచోటి వైపు మనిషి. ఆ బెల్లు గొర్రెల గంటేమోనని నాకు ఆశ పుట్టి, మంద బయటికి వచ్చిందా అని అడిగాను. “ఈ మంచులో యాడికి తోలేది సార్? దొడ్లోనే ఉండాయి సూడండి. నా గొర్లకు గంటలే లేవు, మా కఫీల్‌కు ఆ సద్దు పడదు” అన్నాడు. నాతో మాట్లాడుతూనే లోపలికి పోయి టార్చి తెచ్చి, మాకంటే ముందు నడిచాడు.

చాలా దూరం నడవాల్సి వచ్చింది. మేం దాటి వచ్చిన రెండో పొలం గేటు కంటే ఇంకా వెనక, ఇసుక కొట్టుకొచ్చి రోడ్డును సగం కప్పిన చోట, కాపరి టార్చి వెలుగులో ముందు చక్రం కనిపించింది, తర్వాత మనిషి. ఇసుకలో చక్రం దిగబడి పక్కకు పడ్డాడు. కాలు తొడ దగ్గర విరిగింది. నడుము కింది భాగమంతా రోడ్డు మీదే ఉంది. ట్యాంకరు చక్రం జాడ అతని చెప్పుకు ఆనుకుని పోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూసి, ఏ గాబరా లేకుండా, “వచ్చారా అన్నయ్యా. వస్తానే ఉన్నారుగా, బెల్లు వినపడతానే ఉంది” అన్నాడు. నేను ఏడ్చేశాను. చిన్న మామగారు అతని సైకిలు లేపి రోడ్డు పక్కకు పెట్టబోయి, అలాగే ఆగిపోయి, నాకు చూపించారు. దాని బెల్లు పడినప్పుడే రాతికి కొట్టుకుని అప్పడంలా అణిగిపోయి ఉంది. అది మోగే స్థితిలో లేదు. చిన్న మామగారు నన్ను కేకేయనే లేదు గనక, నా బెల్లు నేను ఆ పొద్దున ఒక్కసారి కూడా మోగించలేదు.

కాపరీ, చిన్న మామగారూ కలిసి అతన్ని పక్కకు జరిపారు. నేను అక్కడే కాపలా ఉండగా చిన్న మామగారు పోయి పికప్ తెచ్చారు. ఆస్పత్రిలో కాలికి కట్టు కట్టాక, పడినప్పుడే ఎందుకు అరవలేదని అడిగాను. కాసేపు ఊపిరి అందలేదట. అందాక అరవబోయాడట, నోటిదాకా వచ్చిన కేకను మింగేశాడట. అంత మంచులో, అన్ని ట్యాంకర్ల మధ్య ముందుకు పోతున్న మమ్మల్ని వెనకనుంచి పిలిస్తే మాకేమవుతుందోనని భయపడ్డాడట. తొడ ఎముక విరిగి రోడ్డు మీద పడి ఉన్నవాడు మా ప్రయాణం చెడుతుందని పిలవలేదు! నా కేకలు అతనికి ఒక్కటీ వినబడలేదు. ముందు నుంచి ఇత్తడి బెల్లు మాత్రం అప్పుడప్పుడూ ఒక్కసారి మోగేదట. అన్నయ్య తిరిగి వస్తున్నాడు, నిద్రపోకూడదు అనుకుని ఆ మోత పట్టుకుని మెలకువగా ఉన్నాడట. అంటే నాకు వెనక మోగింది, అతనికి ముందు మోగింది. మా ఇద్దరి మధ్య, ఆ ఖాళీ రోడ్డు మీద ఏం తిరిగిందో, మమ్మల్ని విడదీయాలనుకుందో కలపాలనుకుందో నేను చెప్పలేను.

మా మరదలికి ఇవేమీ పట్టలేదు. ఆస్పత్రి వరండాలో నన్ను నిలబెట్టి, “బావా, ఒక్కసారన్నా ఎనక్కి తిరిగి సూసుకోల్యా మీరు?” అని కడిగేసింది. తిరిగి చూసినా మంచే కదమ్మా అని గొణిగాను. చిన్న మామగారు మాత్రం ఆమె ముందు తలవంచుకుని, ఇంకమీదట ఎవరినెవరైనా ఎట్లైనా పిల్చుకోండి తల్లీ అన్నారు. తర్వాత ఆయన సైకిలు ముట్టలేదు. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా గడువు అయిపోయాక ఊరెళ్ళిపోయి, కొన్నేళ్ళకు పోయారు. తోడల్లుడి కాలు అతుక్కుంది, కాస్త కుంటు మిగిలింది. ఆ కుంటికాలితోనే మళ్ళీ నాతో చాలా శరత్తులు తొక్కాడు. ప్రతి ఏడూ మొదటి మంచుకు, ఆడవాళ్ళు దగ్గర లేనప్పుడు, ఆ పొద్దుటి సంగతి ఇద్దరం గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్ళం. చెప్పుకుంటుంటే ఇద్దరికీ ఒళ్ళు జలదరించేది. అదో సుఖం.

ఇప్పుడా రోడ్డు వెడల్పు చేశారు. చలికాలం డేరాలు వేసుకునేవాళ్ళ జెనరేటర్ల మోతలో పక్కవాడి మాటే వినబడదు. లిఫ్టులో కలిసిన దంపతులు మధ్యాహ్నానికి క్షేమంగా తిరిగొచ్చి తమ ఫోను చూపించారు. మ్యాపు మీద ఒక ఎర్రచుక్క భర్త, ఒక నీలంచుక్క భార్య. ఒకరు ఆగితే రెండో వాళ్ళకు అక్కడికక్కడే తెలిసిపోతుంది. మంచిదే. అలాంటిది ఆనాడు మాకుంటే అతను అంతసేపు రోడ్డు మీద పడి ఉండేవాడు కాదు. నేను దానికి వంకపెట్టను.

ఆ సాయంత్రం ఉండబట్టలేక మా తోడల్లుడికి ఫోన్ చేశాను. పోయినేడు ఉద్యోగం ముగించుకుని విజయవాడ వెళ్ళిపోయాడతను. మహబూలాలో మంచు దిగిందని చెప్పాను, సముద్రం కనబడలేదని చెప్పాను, మెల్లగా ఆ పొద్దుటి సంగతిలోకి దిగాను. “ఊరుకో అన్నయ్యా, అవి గొర్రెల గంటలేగా. మనకే ఏదో భయం పట్టింది. ఇంకా అదే చెప్తే పిల్లలు నవ్వుతున్నారు” అన్నాడు. గొర్రెలకు గంటలు లేవన్నాడు కదరా ఆ కాపరి అనబోయి, ఊరుకున్నాను. అతను కావాలని అబద్ధమాడటం లేదు. అక్కడి ఎండలో, మనవల మధ్య కూర్చుంటే అతనికి నిజంగానే అలా తోస్తున్నట్టుంది. బాగానే ఉన్నాడు, సంతోషం. కానీ ఫోన్ పెట్టేశాక నాకు ఆ పొద్దున మలుపు దగ్గర నిలబడి చెయ్యి చాచినప్పటికంటే ఎక్కువ భయమేసింది. చిన్న మామగారు లేరు, కాపరి ఎక్కడున్నాడో తెలియదు, ఉన్న ఒక్కడూ ఆ మంచులోంచి బయటికి నడిచి వెళ్ళిపోయాడు. ఇప్పుడందులో నేనొక్కణ్ణే ఉన్నాను.